రాజుకోని రాయి: పెన్సిల్వేనియా ఇళ్లలో బొగ్గు పొయ్యి చరిత్ర

తెలుగులో దీపం వెలిగిస్తాం, పొయ్యి ముట్టిస్తాం, కుంపటి రాజేస్తాం. మూడూ నిప్పుతో చేసే పనులే. అయినా మూడింటికీ ఒకే క్రియ చాలదని మన పెద్దలకు తెలుసు. దీపానికి నూనె, వత్తి ఉంటే చాలు, ముట్టించగానే వెలుగుతుంది. కట్టెల పొయ్యికి నాలుగు చితుకులు, కాస్త ఊదుడు కావాలి. బొగ్గు సంగతి వేరు. దానికి ముందు మరొక నిప్పు కావాలి, కింది నుంచి గాలి ఆడాలి, వీటన్నిటికీ తోడు ఓపిక కావాలి. ఒక కణిక ఎర్రబడి, దాని సెగ పక్క కణికకు తగిలి, క్రమంగా కుంపటి అంతా కణకణలాడుతుంది. ఈ క్రమానికే 'రాజుకోవడం' అని పేరు.

ఈ క్రమం తెలియకపోవడం వల్ల అమెరికాలోని ఒక ప్రాంతంవారు తమ కాళ్ల కింద ఉన్న ఇంధనాన్ని చాలాకాలం ఇళ్లలో వాడుకోలేకపోయారు. అది దొరకక కాదు, దొరికింది. తవ్వలేక కూడా కాదు, తవ్వారు. రాజేయడం చేతకాక వదిలేశారు. పెన్సిల్వేనియా రాష్ట్రపు ఈశాన్య మూలన దొరికే ఆంథ్రసైట్ అనే గట్టి బొగ్గు ఇళ్లలోకి ఎలా వచ్చింది, ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఆ తొలి నిప్పును ఎలా రాజేసేవారు, ఆ నిప్పు వెనుక ఎవరి కష్టం ఉంది అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాం.

బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, చంద్రపూర్‌లోనో, యానాంలోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థికి ఈ విషయంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. గది వెచ్చగా ఉండటానికి ఆరు నెలలపాటు పొయ్యి ఆరకుండా చూసుకోవలసిన అవసరం మనకు లేదు. నిజమే. కాని చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదని, ఇంట్లో చేతులు చేసే పనికి కూడా చరిత్ర ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. వ్యాసం చివర మన కుంపటి దగ్గరకే తిరిగి వస్తాం.

రాతి బొగ్గు స్వభావం

నేల నుంచి తీసిన బొగ్గును కట్టెబొగ్గు నుంచి వేరుచేసి చెప్పడానికి తెలుగువారు 'రాక్షసి బొగ్గు' అన్నారు. పెన్సిల్వేనియాలోని తొలి వలసవారు తమ బొగ్గును 'రాతి బొగ్గు' అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. ఆ పేరు దానికి తగినదే. ఆంథ్రసైట్ చూడటానికి నల్లగా నిగనిగలాడే రాయిలా ఉంటుంది. చేతితో పట్టుకుంటే మసి పెద్దగా అంటదు. నూటికి 86 పాళ్లకు పైగా అది కర్బనమే.

బొగ్గులన్నీ ఒకే తీరున మండవు. బొగ్గును వేడిచేస్తే అందులోని కొన్ని పదార్థాలు వాయువులుగా మారి బయటికి వస్తాయి. ముందుగా అంటుకొనేవి ఆ వాయువులే. మన సింగరేణి బొగ్గు వంటి వాటిలో ఈ పదార్థాలు ఎక్కువ. అందుచేత అవి త్వరగా అంటుకుంటాయి, పచ్చని మంట వస్తుంది, పొగ కూడా దండిగా వస్తుంది. ఆంథ్రసైట్‌లో ఈ పదార్థాలు బహు స్వల్పం. అందువల్ల దానికి పొగ దాదాపు ఉండదు. ఒకసారి రాజుకుంటే గంటల తరబడి సమమైన వేడి ఇస్తుంది. ఆ కారణంగానే అది అంటుకోవడం మాత్రం మహా కష్టం. పొగ లేకపోవడం, రాజుకోకపోవడం రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు. నగరాలవారు దానిని మొదట తిట్టుకున్నదీ, తరువాత మెచ్చుకున్నదీ ఈ గుణం చూసే.

ఫిలడెల్ఫియాలో పరాభవం

వయోమింగ్ లోయలోని కమ్మరులు 1769 ప్రాంతంలోనే ఈ బొగ్గును కొలిమిలో వాడారు. కమ్మరికి కొలిమితిత్తి ఉంది. తిత్తితో గాలి కొడితే రాయిలాంటి బొగ్గు కూడా రాజుకుంటుంది. కాని ఇంట్లో చలి కాచుకునే పొయ్యి దగ్గర రాత్రింబవళ్లు తిత్తి ఊదేవారెవరు? కాబట్టి ఇది కొలిమికే గాని ఇంటికి పనికిరాదని అందరూ అనుకున్నారు.

1792లో లీహై లోయ బొగ్గును తవ్వి అమ్మడానికి ఒక కంపెనీ ఏర్పడింది. తవ్వడం ఒక ఎత్తు, రాళ్లతో నిండిన నదిలో పడవల మీద చేరవేయడం మరొక ఎత్తు. 1803లో పంపిన పడవలలో కొన్ని దారిలోనే పగిలిపోగా రెండు ఫిలడెల్ఫియా చేరాయి. నగరానికి నీళ్లు తోడే ఆవిరి యంత్రం కింద ఆ బొగ్గును వేసి చూశారు. అది మండకపోగా ఉన్న మంటను కూడా ఆర్పింది. మిగిలిన బొగ్గును ముక్కలు చేసి కాలిబాటల మీద కంకరలా పరిచారని ఆ ప్రాంతపు చరిత్రకారులు రాశారు. నేలలోంచి తీసిన నిప్పును మళ్లీ నేలమీద పరిచి దాని మీద నడిచారన్నమాట.

ఇదే తరహా కథ మరొకటి ఉంది. 1812లో బ్రిటన్‌తో యుద్ధం మొదలైన తరువాత సముద్రమార్గం మూతపడి, ఫిలడెల్ఫియాకు బయటి నుంచి వచ్చే బొగ్గు ఆగిపోయింది. ఆ నగరం పక్కన తీగెలు తీసే కర్మాగారం నడుపుతున్న జోసియా వైట్, అర్స్కిన్ హజార్డ్ అనే ఇద్దరు భాగస్వాములు ఆంథ్రసైట్ తెప్పించారు. మొదటి బండి బొగ్గు వృథా అయింది. రెండవ బండి వచ్చాక పనివాళ్లు రాత్రంతా ఊచలతో పొడుస్తూ, కదిలిస్తూ అవస్థపడ్డారు. చివరికి విసుగెత్తి కొలిమి తలుపు మూసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఒకడు మరచిపోయిన కోటు కోసం అరగంట తరువాత వెనక్కి వస్తే కొలిమి తలుపు ఎర్రగా కాలి ఉంది. పనివాళ్లను వెనక్కి పిలిపించి, ఆ ఒక్క నిప్పుతోనే నాలుగు విడతల ఇనుము కాచారట. ఆ రాత్రి వాళ్లు చేసిన సరైన పని ఒక్కటే: బొగ్గును దాని మానాన వదిలేయడం. పైనుంచి కదిలిస్తే ఆంథ్రసైట్ ఆరిపోతుంది. ఈ విషయం తరువాతి కాలంలో ప్రతి ఇంటి ఇల్లాలికీ తెలిసినదే. కాని మొదట తెలుసుకోవడానికి ఒక బండి బొగ్గు, ఒక రాత్రి నిద్ర ఖర్చయ్యాయి.

జెస్సీ ఫెల్ ఇనుప చట్రం

ఈ చరిత్రలో అందరూ తలచుకొనే తేదీ 1808 ఫిబ్రవరి 11. విల్క్స్-బారీ అనే ఊళ్లో జెస్సీ ఫెల్ అనే ఆయన సత్రం నడిపేవాడు. కమ్మరిపని తెలిసినవాడు, న్యాయాధికారి కూడా. ఆ రోజు ఆయన తన ఇంటి గోడపొయ్యిలో ఇనుప కమ్మీల చట్రం ఒకటి అమర్చి, దాని మీద రాతి బొగ్గు పేర్చి మండించాడు. ఏ తిత్తీ లేకుండానే బొగ్గు రాజుకుంది. ఆ సంగతిని ఆయన తన పుస్తకాలలో ఒకదాని ఖాళీ పుట మీద తేదీతో సహా రాసిపెట్టుకున్నాడు. ఆయనకంటే ముందు ఈ ప్రయత్నం చేసినవారు లేకపోలేదు. అయితే ఊరివారందరూ వచ్చి చూసి, తమ ఇళ్లలో కూడా అలా చేసుకోవడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

ఆ చట్రం చేసిన పనేమిటి? కట్టెలను నేలమీదనే పేర్చి మండించవచ్చు. కట్టెకు గాలి పైనుంచి, పక్కలనుంచి అందితే సరిపోతుంది. ఆంథ్రసైట్‌కు అలా చాలదు. గాలి కింది నుంచి వచ్చి, కణికల సందుల్లోంచి పైకి సాగాలి. బొగ్గును నేలమీద నుంచి జానెడు ఎత్తుకు లేపి, కింద ఖాళీ వదిలితే పైనున్న పొగగొట్టమే తిత్తి పని చేస్తుంది. గొట్టంలో వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంటే, ఆ ఖాళీని పూరించడానికి కింది నుంచి చల్లగాలి వస్తుంది. మన కుంపటిలో చిల్లుల పళ్లెం ఎందుకుందో, దాని కింద నోరు ఎందుకుందో ఆలోచిస్తే ఈ సూత్రం ఇట్టే బోధపడుతుంది.

దీనికి సంబంధించి మరొక చిన్న ఘట్టం చెప్పాలి. అబీజా స్మిత్, జాన్ స్మిత్ అనే సోదరులు 1807 చివర ఒక పడవ నిండా బొగ్గును సస్క్వెహానా నది మీదుగా కొలంబియా అనే ఊరికి తీసుకుపోయారు. కొన్నవారు లేరు. అక్కడే వదిలేసి వచ్చారు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లారు. ఈసారి బొగ్గుతోపాటు ఒక ఇనుప చట్రం కూడా తీసుకువెళ్లి, జనం ఎదుట నిప్పు రాజేసి చూపించారు. బొగ్గు అమ్ముడుపోయింది. సరుకు అదే, కొనే ఊరూ అదే. వాడే విధానం తోడయ్యేసరికి రాయి ఇంధనమైంది. మా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఇదే.

ఇనుప పెట్టెలోకి నిప్పు

1820లో లీహై లోయ నుంచి ఫిలడెల్ఫియాకు చేరిన బొగ్గు 365 టన్నులు. ఆ తరువాత కాలువలు, రైలుదారులు ఏర్పడటంతో ఈ లెక్క ఏటేటా పెరుగుతూ పోయింది. నగరాల చుట్టుపక్కల అడవులు తరిగిపోయి కట్టెల ధర పెరగడం కూడా దీనికి తోడ్పడింది. గోడపొయ్యిలోని వేడిలో అధికభాగం పొగగొట్టంలోంచి బయటికే పోతుంది. కాబట్టి నిప్పును ఇనుప పెట్టెలో బంధించి గది నడుమ నిలిపితే వేడి గదిలోనే ఉంటుందన్న ఆలోచన బలపడింది. న్యూయార్క్ రాష్ట్రంలో యూనియన్ కళాశాల అధ్యక్షుడుగా ఉన్న ఎలిఫలెట్ నాట్ ఆంథ్రసైట్ కోసం ప్రత్యేకంగా స్టవ్‌లు రూపొందించి పేటెంట్లు పొందాడు. ఆ తరువాత పైభాగంలో బొగ్గు నింపిన తొట్టి నుంచి కణికలు వాటంతటవే కిందికి జారే స్టవ్‌లు వచ్చాయి. వాటి తలుపులకు అభ్రకం రేకులు బిగించేవారు. లోపలి ఎరుపు గదిలోకి కనిపిస్తూ ఉండేది. గూడూరు ప్రాంతపు అభ్రకం చూసినవారు ఆ రేకులు ఎలా ఉంటాయో ఊహించుకోగలరు.

బొగ్గు కణికల పరిమాణాలకు పెట్టిన పేర్లు భాషా విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తాయి. పెద్దవాటికి గుడ్డు అని, తరువాతివాటికి స్టవ్ అని, అంతకంటే చిన్నవాటికి చెస్ట్‌నట్ కాయ అని, ఆపైన బఠాణీ, బక్‌వీట్ గింజ, బియ్యం అని పేర్లు. గనిలో పుట్టిన సరుకుకు పేర్లు మాత్రం వంటింట్లో పుట్టాయి. కొనేది, వాడేది ఇల్లే కాబట్టి సరుకు ఇంటి భాషలో పేరు పెట్టించుకుంది.

శరత్కాలపు తొలి నిప్పు

ఆ ప్రాంతంలో అక్టోబరు నాటికి రాత్రులు చల్లబడతాయి. అప్పుడు రాజేసిన స్టవ్‌ను సాధారణంగా ఏప్రిల్ వరకు ఆరనివ్వరు. అందుచేత ఆ తొలి నిప్పుకు ఒక ప్రాముఖ్యం ఉంది. నేటికీ ఆ జిల్లాల్లో కొన్ని ఇళ్లు ఆంథ్రసైట్‌తోనే వెచ్చబడుతున్నాయి కాబట్టి, ఆ పద్ధతి పాతబడినా అంతరించలేదు.

పని నిప్పుతో మొదలు కాదు, బూడిదతో మొదలవుతుంది. నిరుటి బూడిద లోపల మిగిలిపోతే అది వేసవి చెమ్మను పీల్చుకొని ఇనుమును తింటుంది. కాబట్టి తెలివైనవారు వసంతంలోనే స్టవ్‌ను, గొట్టాలను దులిపి ఉంచుతారు. శరత్తులో మళ్లీ పొగగొట్టం చూస్తారు. పక్షులు గూడు పెట్టి ఉండవచ్చు, గొట్టపు అతుకులు వదులై ఉండవచ్చు. చట్రం కమ్మీలు సరిగా కదులుతున్నాయో లేదో చూస్తారు.

తరువాత కాగితం, చితుకులు పేర్చి ముట్టిస్తారు. కింది గాలి ద్వారం, గొట్టంలోని అడ్డురేకు రెండూ పూర్తిగా తెరిచి ఉంచుతారు. చితుకుల మీద గట్టి కట్టె ముక్కలు వేసి, అవి కాలి ఎర్రని నిప్పుల పరుపు ఏర్పడేదాకా ఆగుతారు. అప్పుడు దాని మీద బొగ్గు పలుచగా చల్లుతారు. ఇక్కడే కొత్తవారు తప్పు చేస్తారు. తొందరపడి పార నిండా బొగ్గు కుమ్మరిస్తే కింది నిప్పు ఊపిరాడక చస్తుంది. పలుచగా వేస్తే కాసేపటికి చిటపట శబ్దం వినిపిస్తుంది. ఆ పైన చిన్నచిన్న నీలి మంటలు బొగ్గు మీద ఆడతాయి. అదే గుర్తు. నీలి మంట కనిపించాక మరికొంత, మళ్లీ కొంత వేస్తూ పోతారు. ప్రతిసారీ ఒక మూల ఎర్రని నిప్పును కప్పకుండా వదులుతారు. కొత్త బొగ్గు నుంచి వచ్చే వాయువు ఆ నిప్పు తగిలి వెంటనే మండిపోవాలి; లోపల పోగైతే ఒక్కసారిగా భగ్గుమంటుంది. పెట్టె నిండిన తరువాత గాలి ద్వారాన్ని కొద్దికొద్దిగా మూస్తే నిప్పు నిలకడగా ఉంటుంది.

ఇక ఆ తరువాత పని రోజుకు రెండుసార్లు. కింది చట్రాన్ని కుదిపి, బూడిద రాలిపోయి ఎర్రని కణికలు ఒకటీ అరా రాలగానే ఆపాలి. పైన బొగ్గు నింపాలి. పైనుంచి ఊచతో పొడవరాదు. బూడిద పళ్లెం నిండేదాకా ఉంచరాదు. ఉంచితే కింది నుంచి చల్లగాలి అందక కమ్మీలు కరిగి వంగిపోతాయి. రాత్రి బాగా నింపి, గాలి తగ్గించి పడుకుంటే తెల్లవారేదాకా ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అని మనం సామెతగా వాడే మాట అక్కడ ప్రతి రాత్రి చేసే పని.

ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బయట ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లో పొగగొట్టం గాలిని బలంగా లాగదు. అలాంటి రోజున ఆత్రపడి స్టవ్ రాజేస్తే నిప్పు ఆరిపోవడమే కాక ఆ వాయువు గదిలోకి రావచ్చు. అందుకే చలి నిజంగా స్థిరపడేదాకా ఆగమని అనుభవజ్ఞులు చెబుతారు. ఇప్పుడు ఆ వాయువును పసిగట్టి మోగే పరికరాలు ఇళ్లలో పెట్టుకుంటున్నారు. పూర్వం అవి లేవు. మన వైపు కూడా తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకోవడం ప్రమాదకరం. కారణం ఈ వాయువే.

ఈ పరిజ్ఞానమంతా ఎక్కడ రాసి ఉంది? కొంత పుస్తకాలలో ఉంది. కాథరిన్ బీచర్, హారియెట్ బీచర్ స్టోవ్ అక్కచెల్లెళ్లు 1869లో ప్రచురించిన గృహనిర్వహణ గ్రంథంలో స్టవ్‌ల గురించి, పొగగొట్టాల గురించి ప్రత్యేకంగా రాశారు. కాని ప్రతి పొగగొట్టానికీ ఒక స్వభావం ఉంటుంది. ఏ గాలికి ఎలా లాగుతుందో ఆ ఇంట్లో ఉన్నవారికే తెలుస్తుంది. కాబట్టి అసలు చదువు తల్లి నుంచి కూతురికి, పాత పనిమనిషి నుంచి కొత్త పనిమనిషికి చేతల ద్వారానే అందింది.

పొయ్యి వెనుక గని

ఇంట్లో గాలి పైకి లాగే సూత్రమే గనిలో కూడా వాడేవారు. గని అడుగున కొలిమి రాజేసి ఉంచితే వేడిగాలి బావి గుండా పైకి పోయి, లోపలికి మంచిగాలి వచ్చేది. 1869 సెప్టెంబరు 6న ఏవన్‌డేల్ గనిలో ఆ కొలిమి నుంచే బావి లోపలి చెక్క నిర్మాణానికి నిప్పంటుకుందని అప్పటి విచారణలో తేల్చారు. బయటికి దారి ఆ ఒక్క బావే. సహాయానికి దిగిన ఇద్దరితో కలిపి 110 మంది మరణించారు. ఇళ్లలో ఆ ఏటి తొలి నిప్పు రాజేయడానికి కొద్ది వారాల ముందు జరిగిన ఘోరమిది. 1870లో పెన్సిల్వేనియా శాసనసభ గనికి రెండు దారులు ఉండాలని చట్టం చేసింది.

బొగ్గును పగలగొట్టి పరిమాణాల వారీగా వేరుచేసే కట్టడాలలో పసిపిల్లలు పనిచేసేవారు. జారిపోతున్న బొగ్గులోంచి రాతిపలకలను చేతులతో ఏరడం వారి పని. లూయిస్ హైన్ 1911లో పిట్స్‌టన్‌లో తీసిన ఛాయాచిత్రాలలో మసి కమ్మిన ఆ ముఖాలు నేటికీ మనల్ని చూస్తున్నాయి. ఇంకొక విషయం. గని కార్మికుల ఇళ్లలో ఆడవారు, పిల్లలు గని బయట పారబోసిన చెత్త గుట్టల మీద బొగ్గు ఏరుకొని తెచ్చుకునేవారు. తవ్వినవాడి ఇంట్లో రాజుకున్నది చాలాసార్లు ఏరుకున్న బొగ్గే.

ఈ కార్మికులలో వేల్స్, ఐర్లండ్‌ల నుంచి వచ్చినవారు ముందు. తరువాత పోలిష్, లిథువేనియన్, స్లోవాక్, ఉక్రేనియన్, ఇటాలియన్ భాషల వారు వచ్చారు. గనిలో ఒక భాష, ఇంట్లో పొయ్యి దగ్గర మరొక భాష. రష్యా ప్రభుత్వం 1864 నుంచి 1904 వరకు లిథువేనియన్ భాషను లాటిన్ లిపిలో అచ్చువేయడాన్ని నిషేధించిన కాలంలో, పెన్సిల్వేనియాలోని ప్లిమత్ అనే గని ఊళ్లో 1886 నుంచి లిథువేనియన్ పత్రిక వెలువడింది. సొంత నేలకు దూరంగా భాష నిలబెట్టుకోవడం అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

1902 మే 12న సుమారు 1,47,000 మంది ఆంథ్రసైట్ కార్మికులు సమ్మెకు దిగారు. అన్ని భాషలవారినీ ఒక్కతాటి మీద నడిపిన నాయకుడు జాన్ మిచెల్. వేసవి అంతా గనుల యజమానులు చర్చలకు ఒప్పుకోలేదు. నగరాలవారు కూడా పెద్దగా పట్టించుకోలేదు. అక్టోబరు రాగానే పరిస్థితి మారింది. రాజేయడానికి స్టవ్ సిద్ధం చేసుకున్న ప్రతి ఇంటికీ బొగ్గు లేదన్న సంగతి తెలిసింది. బక్కెట్ల లెక్కన కొనుక్కొనే పేదలకు ధర అందలేదు. అక్టోబరు 3న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఇరుపక్షాలను పిలిపించి మాట్లాడాడు. ఆ రోజు రాజీ కుదరలేదు. చివరకు ఒక సంఘం విచారించి తీర్పు చెప్పాలని ఒప్పుకున్నాక, అక్టోబరు 23న కార్మికులు పనిలోకి వెళ్లారు. 1903 మార్చిలో వెలువడిన తీర్పు వేతనాలను నూటికి పది చొప్పున పెంచి, చాలామందికి పది గంటల పనిదినాన్ని తొమ్మిది గంటలకు తగ్గించింది. కార్మిక సంఘానికి మాత్రం గుర్తింపు దక్కలేదు.

ఒక దేశాధ్యక్షుడు గని తగాదాలో రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టవలసి వచ్చిందంటే అందుకు శరత్కాలమే కారణమని మా అభిప్రాయం. మే నెలలో ఆ సమ్మె కార్మికులది. అక్టోబరులో అది ప్రతి ఇంటిదీ అయింది.

చల్లారిన స్టవ్

1917లో ఆంథ్రసైట్ ఉత్పత్తి దాదాపు 10 కోట్ల టన్నులకు చేరింది. అదే శిఖరం. 1925 సెప్టెంబరు నుంచి 1926 ఫిబ్రవరి వరకు మరొక దీర్ఘ సమ్మె జరిగింది. ఈసారి నగరాలవారికి వేరే దారులు దొరికాయి. నూనె, వాయువు వచ్చాయి. బూడిద ఎత్తనక్కరలేదు, రాత్రి లేవనక్కరలేదు. ఒకసారి స్టవ్ మార్చిన ఇల్లు మళ్లీ బొగ్గుకు రాలేదు. 1940 జనాభా లెక్కల నాటికి అమెరికా మొత్తం మీద ఇళ్లలో సగానికి పైగా ఏదో ఒక రకం బొగ్గుతోనే వేడిచేసుకునేవి. 2000 నాటికి అవి వెయ్యింటికి ఒకటిగా మిగిలాయి.

1959 జనవరి 22న పోర్ట్ గ్రిఫిత్ దగ్గర నదీగర్భానికి మరీ దగ్గరగా తవ్విన గనిలోకి సస్క్వెహానా నది విరుచుకుపడింది. 12 మంది చనిపోయారు. వారి దేహాలు దొరకలేదు. ఆ లోయలో లోతు గనుల యుగం దాదాపుగా దానితో ముగిసింది. 1962లో సెంట్రేలియా అనే ఊరి కింద బొగ్గు పొరకు నిప్పంటుకుంది. ఊరి చెత్తకుప్పను తగలబెట్టడంతో అది మొదలైందని ఎక్కువమంది అంగీకరిస్తారు. ఎన్ని ప్రయత్నాలు చేసినా ఆరలేదు. 1984లో ప్రభుత్వం నిధులు మంజూరు చేసి జనాన్ని తరలించింది. నేటికీ అది నేల కింద కాలుతూనే ఉంది. 1803లో ఎంత ప్రయత్నించినా రాజుకోని రాయి, 1962లో రాజుకొని ఆరడం మానేసింది. రెండూ ఒకే బొగ్గు గుణాలే.

మన కుంపటి

మన గోదావరి లోయలో విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతపు బొగ్గును గుర్తించాడు. 1886లో తవ్వకపు హక్కులు ఒక కంపెనీకి దక్కాయి. 1920లో నేటి సింగరేణి సంస్థ ఏర్పడింది. ఈ తేదీలు పుస్తకాలలో దొరుకుతాయి. గనిని 'బొగ్గుబాయి' అన్న తెలంగాణ శ్రామికుడి మాట కూడా ఇప్పుడు పుస్తకాలకెక్కింది. కాని ఆ బొగ్గు ఇళ్లలోకి వచ్చాక దానిని ఎవరు, ఎలా రాజేశారన్నది ఏ పుస్తకంలో ఉంది? పొగ పోయేదాకా కుంపటిని వాకిట్లో ఉంచి విసనకర్రతో విసిరిన చేతుల చరిత్ర ఎవరు రాశారు?

మాటలు మాత్రం మిగిలాయి. అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టుకున్నారంటాం. తీరని బాధ్యతను గుండెల మీద కుంపటి అంటాం. ఇంట్లో కుంపటి లేకపోయినా నుడికారంలో ఉంది. గ్యాసు పొయ్యి మీట తిప్పే పిల్లలకు 'రాజేయడం', 'నివురు', 'కణిక', 'సెగ' అనే మాటలు వినిపించే సందర్భం రోజూ రాదు. పనితోపాటు మాట పోతుంది. తెలుగు బడి, తెలుగు పత్రిక అందుబాటులో లేని చోట ఇంకా త్వరగా పోతుంది. ఎందుకంటే అక్కడ భాషకు ఇల్లే బడి.

కాబట్టి ఈ వ్యాసం చదివిన విద్యార్థులకు మా మనవి ఒకటి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి. మీ ఇంట్లో కుంపటి ఉండేదా? మట్టిదా, ఇనుపదా? అందులో కట్టెబొగ్గు వేసేవారా, రాక్షసి బొగ్గు వేసేవారా? దాని భాగాలను ఏమనేవారు? రాత్రి నిప్పు ఆరకుండా ఏమి చేసేవారు? ఆరిపోతే పొరుగింటి నుంచి నిప్పు తెచ్చుకునేవారా? ఆ పొరుగువారు కన్నడిగులో, ఒడియావారో, మరాఠీవారో, తమిళులో అయితే ఆ నిప్పును ఏ మాటతో అడిగేవారు? వారు చెప్పినది వారి మాటల్లోనే, దిద్దకుండా రాసుకోండి. పక్కన ఊరి పేరు, సంవత్సరం వేయండి. జెస్సీ ఫెల్ ఒక ఖాళీ పుట మీద రాసిపెట్టుకున్నాడు కాబట్టే ఆ రాత్రి సంగతి రెండు వందల ఏళ్లు దాటినా మనకు తెలిసింది. మీ నోటుపుస్తకంలో కూడా ఒక ఖాళీ పుట ఉండే ఉంటుంది.